బొమ్మ వెనక రాసే మాట: మీరు గీసింది నలుగురికీ ఎలా చూపించాలి

పోయిన ఏడాది డిగ్రీ చదివే ఒకమ్మాయి నెల్లూరులో మా ఇంటికి ఒక ఫైలు పట్టుకొచ్చింది. నలభై బొమ్మల దాకా ఉన్నాయి. అందులో ఒకటి మొత్తం నల్ల ఇంకు, పైనుంచి కింద దాకా నలుపే, మధ్యలో మాత్రం తెల్లగా నురుగు లాంటి గీతలు గుండ్రంగా తిరుగుతున్నాయి. కింద "రాత్రి" అని రాసుంది. ఇదేందమ్మా అని అడిగితే "ఊరికే గీశాను అంకుల్" అంది. కాసేపు కూర్చుని మాట్లాడాక అసలు సంగతి బయటికొచ్చింది. వాళ్ల నాన్న సముద్రం వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటాడట, సెలవులకి పోయినప్పుడు ఈ పిల్ల కూడా ఆ షెడ్డులోనే పడుకుంటుందట. రాత్రంతా ఏరియేటర్లు, అంటే చెరువు నీళ్లని చిలికి గాలి కలిపే చక్రాలు, తిరుగుతుంటే ఆ చప్పుడుకి ఎవరికైనా నిద్ర పట్టదనుకుంటాం, కానీ వాళ్ల నాన్నకి ఆ చప్పుడు వినబడుతుంటేనే నిద్ర, కరెంటు పోయి చప్పుడు ఆగిందంటే ఎంత గాఢ నిద్రలో ఉన్నా దిగ్గున లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తుతాడు, ఎందుకంటే నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే తెల్లారేసరికి రొయ్య చచ్చిపోతుంది. ఆ తిరిగే నురుగే ఆమె గీసింది.

ఇంత ఉన్న బొమ్మ కింద "రాత్రి" అని ఒక్క ముక్క రాసి పెడితే చూసేవాళ్లకి ఏం తెలుస్తుంది? ఒక లైకు కొట్టి పోతారు. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, ఎక్కడ చూసినా చెయ్యి తిరిగిన పిల్లలు, పెద్దలు బోలెడంత మంది ఉన్నారు, చాలామంది చూపించరు, చూపించినవాళ్లలో సగం మంది బొమ్మ కింద "ప్రకృతి అందాలు" అనో "నా చిరు ప్రయత్నం" అనో రాసి వదిలేస్తారు. ఆ మాట ఏ బొమ్మ కిందైనా పెట్టొచ్చు, అందుకే అది మీ బొమ్మ గురించి చెప్పేది ఏమీ లేదు. ప్రేరణ, ఇన్‌స్పిరేషన్ లాంటి పెద్ద మాటలు కాసేపు పక్కన పెట్టి, ఎందుకు గీశారు అన్న చిన్న ప్రశ్నకి నిజమైన జవాబు దొరకబుచ్చుకోవడం, దాన్ని బొమ్మతో పాటు పదిమంది ముందు పెట్టడం ఎలాగో, నేను చేస్తున్న పద్ధతిలోనే చెప్తాను.

మొదటి పని: గీసిన రోజే కాగితం తిప్పి రాయండి

రంగు ఆరగానే కాగితం తిప్పండి, వెనక రాయండి. రేపు రాద్దాంలే అనుకుంటే రేపటికి అది మారిపోతుంది, జరిగింది పోయి, ఇలా జరిగుంటే బాగుండు అనిపించింది రాస్తాం. నాకు చాలాసార్లు అలాగే అయింది, పదేళ్ల కిందటి బొమ్మల వెనక ఏమీ రాసుకోలేదు, ఇప్పుడు వాటిని చూస్తే ఊరి పేరు కూడా గుర్తురాని బొమ్మలు ఉన్నాయి, దానికి ఇప్పటికీ బాధపడతాను.

ఏం రాయాలంటే, తేదీ, టైము, చోటు. ఎండ ఎటు నుంచి పడుతోంది. పక్కన ఏం వినబడుతోంది, ఏ వాసన వస్తోంది. ఎవరైనా ఏమన్నా అన్నారా, అంటే వాళ్లన్న మాట వాళ్లన్నట్టే. కళ్ల ముందు ఉన్నా మీరు గీయకుండా వదిలేసింది ఏంటి. ఈ చివరిది తప్పకుండా రాయండి. ఎదురుగా వంద ఉంటాయి, తొంభై వదిలేసి పది గీస్తాం, ఆ పది ఎందుకు మిగిలాయో వదిలేసినవి చూస్తేనే అర్థమవుతుంది.

నా బొమ్మ ఒకదాని వెనక ఇలా ఉంది: "మైపాడు. ఆదివారం పొద్దున ఆరుంబావు. ఎండ సముద్రం మీద నుంచి నేరుగా కళ్లలోకి. వల బాగుచేసే పెద్దాయన, వల అంచు కాలి బొటనవేలికి తగిలించి బిగుతుగా లాగి పట్టుకున్నాడు, ఆ వేలు చూసే ఆగాను. పడవలు, రంగులు వదిలేశాను. నా మొహం వద్దులే అయ్యా అన్నాడు. కాలు, చేతులు మాత్రమే." ఇంతే. వాక్యాలు సరిగ్గా ఉండక్కర్లేదు.

పెన్నుతో రాయొద్దు. మామూలు డ్రాయింగ్ కాగితం అయితే ఇంకు ముందువైపుకి కనబడుతుంది, బాల్‌పెన్ గట్టిగా నొక్కితే ముందు గీతలు ఉబ్బుతాయి. హెచ్‌బీ పెన్సిల్‌తో, అంచు దగ్గర, తేలిగ్గా రాయండి. వాటర్‌కలర్ వేసే 300 జీఎస్ఎం కాగితం మందంగా ఉంటుంది కాబట్టి దాని వెనక ఎక్కడైనా రాసుకోవచ్చు. స్కెచ్‌బుక్‌లో గీసేవాళ్లు ఎదురు పేజీ ఖాళీగా వదిలి అందులో రాయండి. ట్యాబ్ మీద గీసేవాళ్లకి వెనక వైపు లేదు కదా, ఫైలుకి తేదీనే పేరుగా పెట్టి, అదే తేదీ పేరుతో ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకోండి.

రెండో పని: మొదట నోటికొచ్చిన కారణాన్ని నమ్మకండి

మా ఊరు కందుకూరు పక్కన. ఆ చుట్టుపక్కల పొగాకు బ్యారన్, అంటే కోసిన ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం, చూడకుండా పెరిగిన పిల్లాడు ఉండడు. పొలం మధ్యలో పొడుగ్గా నిలబడే గోడలు, పక్కన పేర్చిన కట్టెల కుప్ప, లోపల కర్రలకి కట్టి వరసలు వరసలుగా వేలాడదీసిన ఆకు. ఒక సంక్రాంతికి పోయినప్పుడు మా బ్యారన్ గీశాను. నాకు బాగా నచ్చింది, కింద "గ్రామీణ సౌందర్యం" అని రాసి బంధువుల గ్రూపులో పెట్టాను. మా చిన్నాయన ఫోన్ చేశాడు. "ఏంది అబ్బయ్యా, బ్యారన్‌లో సౌందర్యం యాడ కనబడింది నీకు?" అన్నాడు. తప్పు పట్టడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి బొమ్మ ముందేసుకుని కూర్చున్నాను. వేళ్లతో తడిమితే ఒకచోట కాగితం పలచబడి ఉంది, రబ్బరుతో అన్నిసార్లు చెరిపాను. తలుపు పక్కన ఉండే చిన్న అద్దం దగ్గర. ఆ అద్దంలోంచి లోపల వేలాడే థర్మామీటర్ చూస్తారు. ఆకు క్యూరింగ్ అయిదారు రోజులు నడుస్తుంది, వేడి నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి, ఒక్కసారిగా పెరిగితే ఆకు రంగు చెడిపోతుంది, రంగు చెడితే రేటు పోతుంది. అందుకని రాత్రిళ్లు చిన్నాయన లేచి లేచి ఆ అద్దం దగ్గరికి పోయేవాడు, ఏడెనిమిదేళ్ల పిల్లాణ్ణి నేను వెనక టార్చి పట్టుకుని నిలబడేవాణ్ణి, టార్చి వెలుగు అద్దం మీద పడి మా ఇద్దరి మొహాలూ అందులో కనబడేవి. నేను గీయాలనుకున్నది ఆ అద్దం. గోడలూ కట్టెలూ దాని చుట్టూ వచ్చినవి.

అప్పటి నుంచి అందరికీ ఇదే చెప్తున్నాను, రబ్బరు ఎక్కడ ఎక్కువ పడిందో అక్కడ వెతకండి. చెరిపి చెరిపి గీశారంటే అక్కడ ఏదో సరిగ్గా రావాలని మీ మనసు పట్టుబట్టింది. ట్యాబ్ వాళ్లయితే ఎక్కువసార్లు అన్‌డూ నొక్కిన చోటు గుర్తు తెచ్చుకోండి. ఆ తర్వాత ఇవి అడుక్కోండి: మొదట కంటికి ఆనింది ఏది? పక్కన మీ అమ్మో తమ్ముడో ఉంటే వాళ్లకి వేలు పెట్టి ఏం చూపించేవాళ్లు? ఇది ఇంతకుముందు ఎక్కడైనా చూశారా?

ఒకవేళ ఏ కథా దొరక్కపోతే? దొరకలేదనే రాయండి. "చేతులు గీయడం రావట్లేదు, ఈ వారం రోజుకు నాలుగు చేతులు గీస్తున్నా, ఇవి మూడో రోజువి" అని రాస్తే అది నూటికి నూరుపాళ్లు నిజమైన కారణం, ఇంకో నేర్చుకునేవాడికి అది ఎంతో ధైర్యం. లేని కన్నీళ్లు, లేని తాతయ్య జ్ఞాపకాలు అతికించొద్దు, చదివేవాళ్లకి తెలిసిపోతుంది, అంతకంటే ముందు మీకు తెలుసు.

మూడో పని: ఫోటో సరిగ్గా తీయండి

మంచి బొమ్మలు ఇక్కడే ఎక్కువ పాడవుతున్నాయి. రాత్రి ట్యూబ్‌లైట్ కింద, మంచం మీద పెట్టి, ఫోన్ నీడ బొమ్మ మీద పడుతుండగా తీసి పెడతారు. కాగితం పచ్చగానో నీలంగానో కనబడుతుంది, వారం రోజుల కష్టం కనబడదు.

పొద్దున తొమ్మిది, పది మధ్య వరండాలో నీడ ఉన్నచోట, లేదా ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బొమ్మని నేల మీద పరచండి. ఫ్యాన్ ఆపేయండి. ఫ్లాష్ వద్దే వద్దు. ఫోన్ కెమెరాలో గ్రిడ్ గీతలు ఆన్ చేసుకుని, కాగితం అంచులు ఆ గీతలకి సమాంతరంగా వచ్చేదాకా సర్దుకోండి, ఫోన్ నేలకి సమానంగా ఉండాలి, కొంచెం వంగినా నలుచదరం కాస్తా గంపలా పైన వెడల్పు కింద ఇరుకు అయిపోతుంది. మరీ దగ్గరికి పోయి తీయకండి, అంచులు వంగుతాయి. ఒక అడుగు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టి తీస్తే గీతలు తిన్నగా వస్తాయి.

పెన్సిల్ బొమ్మలతో ఇంకో ఇబ్బంది ఉంది. 6బీ, 8బీతో ముదురుగా వేసినచోట గ్రాఫైట్ మెరుస్తుంది, నల్లగా ఉండాల్సింది వెండిలా తెల్లగా పడుతుంది. వెలుతురు మీ వెనక నుంచి కాకుండా పక్క నుంచి వచ్చేలా బొమ్మని తిప్పి చూడండి, నాలుగు వైపులా తిప్పితే ఒకచోట మెరుపు చచ్చిపోతుంది, అక్కడ తీయండి. తీసేటప్పుడు తెల్ల చొక్కా వేసుకోకపోవడం మంచిది, అది కూడా ప్రతిబింబిస్తుంది.

స్కాన్ చేయించేవాళ్లు జిరాక్స్ షాపుకి పోయి "స్కాన్ చెయ్యండి" అని మాత్రమే అంటే ఆఫీసు కాగితం లాగా నలుపు తెలుపులో చేసిచ్చేస్తారు. కలర్‌లో, 300 డీపీఐలో, ఫోటో ఫైలుగా కావాలని చెప్పండి. పోస్ట్‌కార్డు సైజు చిన్న బొమ్మలకి 600 అడగండి. వాట్సాప్‌లో తెచ్చుకుంటే ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపమనండి, లేకపోతే సైజు నొక్కేసి సన్న గీతలు మింగేస్తుంది.

తర్వాత దిద్దుబాటు. కాగితం తెల్లగా ఉండే దాకా వెలుతురు పెంచండి, అంచులు కత్తిరించండి, అక్కడితో ఆపండి. ఫిల్టర్లు వేస్తే అది మీరు వేసిన రంగు కాదు. మొత్తం బొమ్మ ఒకటి, మీకు ముఖ్యమైన ముక్క దగ్గరగా ఒకటి, పక్కన పెన్సిల్‌తో సహా సైజు తెలిసేలా ఒకటి, ఇలా మూడు ఫోటోలు చాలు. వీలైతే బొమ్మ వెనక మీరు రాసుకున్నది కూడా ఫోటో తీసి పెట్టండి. నేను పెట్టినవాటిలో జనం ఎక్కువసేపు ఆగి చదివింది ఆ చేతిరాతలే.

నాలుగో పని: రాయండి, మీరు మాట్లాడినట్టే

ఒక అబ్బాయి ఒంగోలు గిత్త గీశాడు. కింద రాసింది ఇది: "ఒంగోలు జాతి గిత్త మన సంస్కృతికి ప్రతీక. మన వారసత్వాన్ని కాపాడుకుందాం." బొమ్మ చూస్తే మూపురం, మెడ కింద వేలాడే గంగడోలు ఎంత శ్రద్ధగా వేశాడో, గంగడోలు మడతలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. అడిగితే చెప్పాడు, పందేల దగ్గర గీయడానికి పోయాడట, గిత్త ఒక్క క్షణం నిలబడదు, తల ఆడిస్తూనే ఉంటుంది, తల ఆడినప్పుడల్లా గంగడోలు ఒక క్షణం ఆలస్యంగా ఊగుతుంది, ఆ ఆలస్యం గీయాలని పదకొండు కాగితాలు పాడుచేశాడు. మళ్లీ రాయమన్నాను. ఇలా రాశాడు:

"తల ముందు కదులుతుంది, గంగడోలు తర్వాత కదులుతుంది. ఆ మధ్యలో ఉన్న రెప్పపాటు గీద్దామని పోయా. గిత్త నిలబడదు. పదకొండు కాగితాలు అయిపోయాయి, పన్నెండోది ఇది. ఇంకా కాళ్లు కుదర్లేదు. ఏ4, 4బీ పెన్సిల్, గంటన్నర."

ఇది చదివాక ఎవరైనా గంగడోలు వంక చూడకుండా ఉండగలరా? అతను దీని కింద ఇంకో ముక్క కూడా చేర్చాడు, ఈ జాతి పశువులు ఎప్పుడో బ్రెజిల్ దాకా పోయాయని, అక్కడ వాటిని నెల్లూరు పేరుతో "నెలోర్" అని పిలుస్తారని. అది నిజమే, చాలామందికి తెలియని విషయం కూడా. కానీ అది ముందు పెట్టుంటే పాఠం చదివినట్టు ఉండేది, చివర పెట్టాడు కాబట్టి కుతూహలంగా చదివారు.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: కంటికి కనబడేది ముందు, కష్టపడ్డది తర్వాత, సైజు, సామాను, పట్టిన టైము ఆ తర్వాత, తెలిసిన విశేషం ఏదైనా ఉంటే చివర్లో. అయిదారు వాక్యాలు చాలు. గ్రాంథికం వద్దు, "ఎట్టా", "యాడ" అని మీ ఇంట్లో అంటే అలాగే రాయండి, నెల్లూరు మాట నెల్లూరు బొమ్మ కింద ఎంత బాగుంటుందో చెప్పలేను. తెలుగు టైపింగ్ రాదని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లు కీబోర్డ్ మీద మైక్ నొక్కి చెప్పండి, అదే తెలుగులో టైపు చేస్తుంది, తప్పులు ఒకసారి దిద్దుకుంటే సరి. చూపు లేనివాళ్లు ఫోన్ చదివి వినిపిస్తుంటే వింటారు, వాళ్ల కోసం బొమ్మలో ఏముందో ఒక్క వాక్యంలో వివరణ పెట్టే చోటు ఉంటుంది, దాన్ని ఖాళీగా వదలకండి.

ఐదో పని: ఎవరిది, ఎవరి గురించి, చెప్పేయండి

చూసి గీయడంలో తప్పేం లేదు, మనమందరం అలాగే నేర్చుకున్నాం, వడ్డాది పాపయ్య గారి చందమామ ముఖచిత్రాలు, బాపు గారి గీత చూసి చెయ్యి తిప్పినవాళ్లం. నేర్చుకోవడానికి గీసి, కింద "బాపు గారి బొమ్మ చూసి గీశాను" అని రాయండి, అది గౌరవం. అమ్మడం, టీషర్టుల మీద వేయడం మాత్రం వేరే విషయం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, దాని ప్రకారం చిత్రకారుడు పోయిన తర్వాత కూడా 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. వడ్డాది పాపయ్య గారు 1992లో, బాపు గారు 2014లో పోయారు, లెక్క మీరే వేసుకోండి. రాజా రవివర్మ 1906లోనే పోయారు కాబట్టి ఆయన లక్ష్మి, సరస్వతి బొమ్మలకి ఆ గడువు ఎప్పుడో దాటింది. ఎవరో తీసిన ఫోటో చూసి గీస్తే ఆ ఫోటో తీసినవాళ్లని అడగండి, వాళ్ల పేరు రాయండి.

అదే చట్టం మీకూ అండ. మీరు గీసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్టర్ చేయించుకోకపోయినా సరే. ఒక్క మెలిక మాత్రం గుర్తుపెట్టుకోండి: ఎవరైనా డబ్బులిచ్చి పెయింటింగో, పోర్ట్రెయిటో గీయించుకుంటే, ముందుగా వేరే ఒప్పందం లేకపోతే దాని కాపీరైట్ డబ్బులిచ్చినవాళ్లదే అవుతుంది. అందుకని ఆర్డర్ తీసుకునేటప్పుడే వాట్సాప్‌లో అయినా సరే ఒక మాట రాయించుకోండి, "బొమ్మ మీది, కాపీరైట్ నాది, నా పేజీలో పెట్టుకుంటాను" అని.

నాకు జరిగింది ఒకటి చెప్తాను. పెన్న ఇసుకలో నిలబడి రంగనాయకుల గుడి గాలిగోపురం గీసి పెట్టాను, సంతకం కింద మూలన చిన్నగా ఉంది. కొన్నాళ్లకి అది ఒక పెళ్లిపత్రిక మీద కనబడింది, మూల కత్తిరించేసి. పత్రిక వేసిన షాపాయన "నెట్‌లో దొరికింది సార్" అన్నాడు. చాలా కష్టంగా అనిపించింది, డబ్బు గురించి కాదు, నా పేరు కోసేశారు కదా అని. అప్పటి నుంచి సంతకం మూలన పెట్టను, గోపురం నీడలోనో, ఇసుక గీతల్లోనో, కత్తిరిస్తే బొమ్మ పాడయ్యే చోట కలిపేస్తాను. పెద్ద ఫైలు ఇంట్లో ఉంచుకుని చిన్నది మాత్రమే బయట పెడతాను.

ఇక మనుషులు. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గరికి స్కెచ్‌బుక్ తీసుకుపోని చిత్రకారుడు నెల్లూరులో ఉండడేమో. కానీ అక్కడ నీళ్లలో నిలబడి రొట్టె మార్చుకునే ఆడవాళ్లు మనకోసం నిలబడలేదు, చదువు రొట్టె అనో, పెళ్లి రొట్టె అనో, పిల్లల కోసమనో ఏదో గట్టి కోరికతో వచ్చారు. తడిసిన బట్టల్లో, కన్నీళ్లతో ఉన్న మనిషి మొహం గుర్తుపట్టేలా గీసి ఊరంతా చూసేలా పెట్టడం నాకు నచ్చదు. చేతులు గీయండి, ఇచ్చే చెయ్యి, తీసుకునే చెయ్యి, మధ్యలో రొట్టె. మొహమే కావాలంటే ఒడ్డుకి వచ్చాక పోయి చూపించండి, "అమ్మా, ఇది మీరే, పెట్టొచ్చా?" అని అడగండి. వద్దంటే ఆ కాగితం వాళ్ల చేతికిచ్చి రండి. మైపాడు పెద్దాయన మొహం వద్దన్నాడు కాబట్టే కదా, ఆ బొటనవేలు అంత బాగా వచ్చింది.

ఆరో పని: ఫోన్‌లో కాకుండా, ఎదురెదురుగా

వీలున్నవాళ్లు ఇది తప్పక చేయండి, ఆరుగురు చాలు. స్కూలు వరండా, లైబ్రరీ గది, ఎండ దిగాక అపార్ట్‌మెంట్ మేడ, ఏదైనా సరే. రెండు స్తంభాల మధ్య తాడు కట్టి బట్టల క్లిప్పులతో బొమ్మలు వేలాడదీయండి, క్లిప్పుకీ బొమ్మకీ మధ్య చిన్న కాగితం మడిచి పెడితే గుర్తు పడదు. బొమ్మ మధ్యభాగం నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో ఉండాలి, పిల్లలు వస్తుంటే ఇంకో తాడు కిందుగా కట్టండి. వాటర్‌కలర్ ఎండలో పెట్టొద్దు, వెలిసిపోతుంది. బొగ్గు, పేస్టెల్ బొమ్మలు తెచ్చేటప్పుడు మధ్యలో బటర్ పేపర్ పెట్టుకోండి, లేకపోతే ఒకదాని నలుపు ఇంకోదానికి అంటుతుంది.

అసలు సంగతి మాట్లాడే వరసలో ఉంది. ఒక్కో బొమ్మ దగ్గర ముందు రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకండి, చూడండి. తర్వాత చూసినవాళ్లు చెప్పాలి, బాగుంది బాగాలేదు అని కాదు, ఏం కనబడుతోందో చెప్పాలి. గీసినవాళ్లు అప్పటిదాకా నోరు మెదపకూడదు. ఇది చాలా కష్టం, నాకు ఇప్పటికీ కష్టమే. అందరూ చెప్పాక అప్పుడు గీసినవాళ్లు కాగితం తిప్పి వెనక రాసింది చదవాలి. ముందే కథ చెప్పేస్తే చూసేవాళ్లు ఆ కథనే చూస్తారు, బొమ్మని చూడరు.

ఒకసారి ఒకావిడ పులికాట్ సరస్సు ఫ్లెమింగోల బొమ్మ తెచ్చింది, పక్షుల ఒళ్లు లేకుండా నీళ్లలో సన్నటి కాళ్లు మాత్రమే, బోలెడన్ని కాళ్లు. చూసినవాళ్లలో ఒక పెద్దామె "వరి నాట్లేసేవాళ్ల కాళ్లు" అంది. గీసినావిడ ఉలిక్కిపడింది. ఆమెకి ఆ ఆలోచన లేదు, పక్షి కాలు వెనక్కి మడిచినట్టు ఎందుకుంటుందో తెలుసుకుని, అది మోకాలు కాదు, మడమ కీలు అని తెలిసి ఆ ఆశ్చర్యంతో గీసింది. కానీ ఆ మాట విన్నాక తర్వాతి నెల ఇంకో బొమ్మ తెచ్చింది, ఒక పక్క పక్షుల కాళ్లు, ఒక పక్క మనుషుల కాళ్లు, మధ్యలో ఒకే నీళ్లు. పెద్దామె మాట కూడా దాని వెనక రాసుకుంది.

"సూపర్" అనే మాట ఆ రెండు గంటలూ వాడొద్దని ముందే చెప్పండి. దాని బదులు అడగండి: ఇక్కడ ఎందుకు ఖాళీ వదిలావు? ఈ నీలం ఎలా కలిపావు? మొదట ఎక్కడ మొదలుపెట్టావు? గీసినవాళ్లకి ఇలాంటి ప్రశ్న ఒక్కటి దొరికితే వారం రోజులు దాని గురించే ఆలోచిస్తారు.

పిల్లలకి, అలాగే చూపించాలంటే టెన్షన్ పడే పెద్దవాళ్లకి, ముందు పలక ఇవ్వండి. మార్కాపురం పలకలు మనకి తెలియనివి కావు, ఆ రాయి మీదే దేశంలో ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దారు. బలపంతో అయిదు నిమిషాలు గీయమనండి, గీసింది ఏంటో పక్కవాళ్లకి చెప్పమనండి, తర్వాత తడిగుడ్డతో తుడిచేయమనండి. ఎలాగూ పోయేదే కదా అని తెలిస్తే చెయ్యి భయం లేకుండా కదులుతుంది, నోరు కూడా. మూడు నాలుగు వారాలయ్యాక వాళ్లే కాగితం అడుగుతారు.

ఆఖరి పని: వచ్చిన మాటలు దాచుకోండి

బొమ్మ చూపించాక జనం చెప్పే మాటల్లో మీకు తెలియనివి ఉంటాయి. మా బ్యారన్ బొమ్మని అద్దం గురించి రాసిన కొత్త మాటతో తాడుకి కట్టినప్పుడు, ఎన్నో ఏళ్లు బ్యారన్లలో మంట చూసిన ఒక పెద్దాయన వచ్చి చాలాసేపు చూశాడు. "అద్దం సరే, మరి పొయ్యి నోరు దగ్గర మనిషి ఏడి? మంట దగ్గర మనిషి లేకుండా బ్యారన్ ఉంటదా?" అన్నాడు. చిన్నాయనా నేనూ అద్దం దగ్గర ఉన్న ఆ రాత్రుళ్లన్నీ అవతలి పక్క కట్టెలు ఎగదోస్తూ ఒక మనిషి ఉన్నాడు, ఆయన్ని నేను గీయలేదు, వదిలేసినవాటి జాబితాలో కూడా రాసుకోలేదు. రెండో బొమ్మ గీశాను. ఇప్పుడు రెండూ పక్కపక్కనే పెడతాను, ఆ పెద్దాయన అడిగిన మాట మొదటి దాని వెనక తేదీతో సహా ఉంది.

వెనక చోటు చాలకపోతే ఇంకో కాగితం అతికించండి. సెలోటేప్ వాడొద్దు, కొన్నేళ్లకి పచ్చబడి మరక దిగుతుంది. మైదాపిండి ఉడికించిన బంక లాంటి పలచటి జిగురు, పై అంచున మాత్రం వేలెడు వెడల్పున రాసి అతికిస్తే, కాగితాన్ని తలుపులా పైకెత్తి కింద ముందు రాసింది కూడా చదువుకోవచ్చు.